యంత్రానికి నా పోలిక

ముత్యాల దుకాణంలో నలభై ఏళ్లు పనిచేశానని చెబితే, ఎవరైనా మొదట అడిగేది అసలు ముత్యాన్ని ఎలా గుర్తుపట్టాలని. అది నా పని కాదంటే నమ్మరు. అసలుదేదో నకిలీదేదో తేల్చేవాళ్లు వేరే ఉన్నారు. నాది జత కలిపే పని. కుప్పలోంచి ఒకదానికొకటి సరిపోయే ముత్యాలను ఏరి, ఒక దండకు సరిపడా పళ్లెంలో పేర్చి పెట్టాలి. చార్మినార్ దగ్గర ఒక సందులో, మొదటి అంతస్తులో, ఉత్తరం కిటికీ పక్కన తెల్లగుడ్డ పరిచిన గద్దె మీద కూర్చుని ఉద్యోగమంతా ఇదొక్కటే చేశాను. పొద్దస్తమానం కంప్యూటర్ల ముందు కూర్చునే మీలాంటి పిల్లలకు ఈ ముసలాయన గోల ఎందుకనిపించవచ్చు. కొంచెం ఓపిక పట్టండి, మీ కంప్యూటరు కూడా వస్తుంది. దాన్ని చెడగొట్టిన వాణ్ణి నేనే.

నాకు పని నేర్పింది ఒక ఉస్తాదు. ఆరు నెలలు నన్ను ముత్యం ముట్టనివ్వలేదు, పక్కన కూర్చుని చూడమన్నాడు. ఏడో నెలలో రెండు ముత్యాలు నా అరచేతిలో పోసి ఒకేలా ఉన్నాయా అని అడిగాడు. ఉన్నాయన్నాను. నెత్తిమీద ఒక్కటి వేశాడు.

"ఏక్ జైసా నక్కో ఢూండ్ రే, ఫరక్ ఢూండ్!"

పోలికను వెతికితే ఎక్కడైనా దొరుకుతుంది, తేడాను వెతుకు, అది ఎంతకూ దొరకనప్పుడు ఆగు అని ఆయన చెప్పడం. సైజు జల్లెడ చూసుకుంటుంది. గుండ్రదనం పళ్లెంలో దొర్లిస్తే తెలుస్తుంది. మిగిలిన రెండూ కంటి పని. ఒకటి రంగు, రెండోది ఆబ్, అంటే లోపలి నుంచి వచ్చే మెరుపు. వాటిని పొద్దున పది నుంచి పన్నెండు దాకా, ట్యూబులైటు ఆర్పేసి, కిటికీ వెలుతురులోనే చూడాలి. ఆ రెండు గంటలు దుకాణంలో ఎవరూ నాతో మాట్లాడేవారు కాదు. పెద్ద సేఠ్ కూడా మెట్ల మీద చెప్పులు వదిలి పిల్లిలా నడిచేవాడు. అంత గౌరవం దొరికితే మనిషికి కొంచెం పొగరు రాకుండా ఉంటుందా? నాకు కొంచెం ఎక్కువే వచ్చింది.

నేను ఏరిన ముత్యాలను దారానికి గుచ్చేది ఒక చెల్లెమ్మ. సొంత చెల్లెలు కాదు, ఇరవై ఏళ్లుగా అన్నా అని పిలిచి చెల్లెలైంది. గుడిమల్కాపూర్ పూల మార్కెట్లో మాలలు కట్టే ఇంట్లో పుట్టింది. కనకాంబరాల మధ్య ఒక వాడిన పువ్వు ఉంటే చూడకుండానే వేళ్లతో పక్కన పడేసేదట. ముత్యాల దగ్గరా అదే చెయ్యి. మాట తక్కువ మనిషి. నా పళ్లెం తీసుకుని లోపలి గదిలోకి వెళ్లి, సాయంత్రానికి దండ చేసి తెచ్చి ఇచ్చేది. నా పనికి ఎప్పుడూ వంక పెట్టలేదు. నా పనిలో వంక లేదు కాబట్టే పెట్టలేదని అనుకునేవాణ్ణి.

ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మా పెళ్లయి ముప్పై అయిదేళ్లయిన రోజున నా భార్యకు ఒక దండ ఇచ్చాను. దుకాణంలో మిగిలిన ముత్యాలను సేఠ్ తీసుకోమంటే, నెల రోజులు కూర్చుని నా చేత్తో ఏరి, ఇంట్లోనే గుచ్చినది. "ఒక్కటే తీరు ఉన్నయ్ చూడు. బజారు మొత్తం తిరిగినా గిసొంటిది దొరకది," అని ఇచ్చాను. ఆమె మెడలో వేసుకుని అద్దంలో చూసుకుని, అవును ఉన్నాయంది. అప్పటి నుంచి మేముండే ఛత్రినాకలో ఏ ఇంట్లో శుభకార్యం జరిగినా, బోనాలొచ్చినా ఆ దండే. ఆ రోజుల్లోనే పొద్దున్నే నా బట్టలు తీసి మంచం మీద పెట్టడం కూడా మొదలుపెట్టింది. ఈ వయసులో నా మీద ప్రేమ పెరిగిందని మురిసిపోయాను.

పెద్ద సేఠ్ పోయాక కొడుకు కూర్చున్నాడు. నా కళ్ల ముందు పెరిగినవాడు, నన్ను చాచా అంటాడు. ఒకరోజు ఒక అమ్మాయిని వెంటబెట్టుకుని వచ్చాడు.

"చాచా, ఈమె మనకు మిషన్ చేసి ఇస్తది. కెమెరా ముత్యాలు చూసి జత కలుపుతది. నీకు ఇంక తక్లీఫ్ ఉండదు."

నాకు కష్టంగా ఉందని ఎవరన్నారో తెలియలేదు. అమ్మాయి వయసు ఇరవై నాలుగో అయిదో. తండ్రి కోస్తా నుంచి బదిలీ మీద వచ్చి ఇక్కడే స్థిరపడిన ప్రభుత్వోద్యోగి. ఇది ఆమె మొదటి ఉద్యోగం, అదీ ఆరు నెలల పరీక్ష మీద. ఈ మిషన్ పనిచేస్తే కొలువు నిలుస్తుంది, లేకపోతే లేదు. ఆ సంగతి ఆమే మొదటిరోజు చెప్పేసింది.

"మిషన్‌కి ఏమీ తెలియదు అంకుల్. మీరు చెప్పిందే నేర్చుకుంటుంది. నేను రెండేసి ముత్యాలు పెడతాను. మీరు ఒకటే అనండి, లేకపోతే వేరే అనండి. అంతే," అంది.

అలా రెండు నెలలు సాగింది. ఆమె ఒక చిన్న పెట్టెలో కెమెరా కింద రెండు ముత్యాలు పెట్టేది, నేను కిటికీ దగ్గర వాటినే చూసి మాట చెప్పేవాణ్ణి, ఆమె బటన్ నొక్కేది. ఒకటే, ఒకటే, వేరే, ఒకటే. మొదటి వారం మొహం మాడ్చుకునే చెప్పాను. తర్వాత ఆ అమ్మాయి ప్రశ్నలు నాకు నచ్చడం మొదలైంది.

"అంకుల్, మొదటిదీ రెండోదీ ఒకటే అన్నారు. రెండోదీ మూడోదీ ఒకటే అన్నారు. మొదటిదీ మూడోదీ వేరే అంటున్నారేంటి?"

"అవునమ్మా, వేరేనే."

"అదెలా కుదురుతుంది?"

మధ్యలో పెద్దగా ఉండి చివరలకు సన్నబడే దండ ఒకటి తెచ్చి చూపించాను. ఏ రెండు పక్క ముత్యాలను చూసినా తేడా లేదు. కొసదాన్నీ నడిమిదాన్నీ పక్కపక్కన పెడితే తాతా మనవడిలా ఉన్నాయి. ఆమె చాలాసేపు ఆ దండను చేతిలో తిప్పి, పుస్తకంలో ఏదో రాసుకుంది. అసలు ఒకేలా ఉన్నాయా అని ఊరికే అడగకూడదని చెప్పాను. దేనికి అన్నది కూడా అడగాలి. చెవి కమ్మలకైతే నడుమ మొహం అడ్డం ఉంటుంది, కొంచెం అటూ ఇటూ ఉన్నా చెల్లుతుంది. దండలో పక్కపక్కన ఒరుసుకుని కూర్చుంటాయి, అక్కడ రవ్వంత తేడా కూడా అరుస్తుంది.

ఒక మధ్యాహ్నం ఆమె తెచ్చిన గోంగూర పచ్చడి, నా డబ్బాలోని జొన్నరొట్టె పంచుకుని తింటున్నాం. "నాది అచ్చం మా నాన్న పోలిక అంటారు అంకుల్. మా నాన్నది నా పోలిక అని మాత్రం ఒక్కరూ అనరు. ఒకేలా ఉన్నప్పుడు ఎటునుంచి చెప్పినా ఒకటే కదా?" అంది. ఉస్తాదు ఉంటే ఈ పిల్లను పక్కన కూర్చోబెట్టుకునేవాడనిపించింది. పోలిక చిన్నవాళ్ల నుంచి పెద్దవాళ్ల వైపే నడుస్తుందమ్మా, మొదట వచ్చింది వాళ్లు కదా అన్నాను. నాకు ఆడపిల్లలు లేరు. ఆ రెండు నెలల్లో ఆ లోటు ఎంతుందో తెలిసింది.

రెండు నెలలయ్యాక మిషన్ తనంతట తాను పలకడం మొదలుపెట్టింది. అది ఒకటే అన్న ప్రతి జతనూ నేనూ చూశాను. అన్నీ ఒకటే. సేఠ్ చప్పట్లు కొట్టి మిఠాయి తెప్పించాడు. లోపల నాకు కొంచెం కలుక్కుమన్నా, నా కన్ను నా తర్వాత కూడా ఉంటుందన్న తృప్తి ఎక్కువగా ఉంది.

అప్పుడే ఒక పెళ్లివారు సత్‌లడా అడిగారు. ఏడు పేటల హారం. తెల్లటి ముత్యాలే కావాలన్నారు. మొత్తం మిషన్‌తోనే ఏరించాలని సేఠ్ పట్టుదల. మిషన్ పళ్లేలు నింపితే నేను ఒకసారి చూసి సరేననాలి. ఆ తర్వాత మూత వేసి, అంకె రాసిన కాగితం అంటిస్తారు. గుచ్చేవాళ్లు ఒక్క ముత్యాన్ని కూడా మార్చకూడదు. ఇది కొత్త పద్ధతి. నేను ఏడు పళ్లేలూ చూసి ఏడుసార్లు సరేనన్నాను.

చెల్లెమ్మ మూడో పళ్లెం మూత తీసి, దాన్ని పట్టుకుని నా దగ్గరకు వచ్చింది. ఇరవై ఏళ్లలో అలా రావడం అదే మొదలు.

"అన్నా, ఒక్కపారి చూడు. గీండ్ల రెండు రంగులున్నయి."

చూశాను. ఒకే రంగు. అమ్మాయి పక్కనే ఉంది, వింటోంది. నాకు చర్రున కోపం వచ్చింది.

"గిది పూలమాల కాదు చెల్లె. నలభై ఏండ్ల సంది చూస్తున్న. ఇప్పుడు నువ్వు నాకు నేర్పుతవా?"

ఆమె తల వంచుకుని లోపలికి వెళ్లి, ఉన్నవి ఉన్నట్టే గుచ్చింది. ఆ మాట వెనక్కి తీసుకోగలిగితే ఇప్పటికైనా తీసుకుంటాను.

పెళ్లి శుక్రవారం. దానికి ముందు సోమవారం మధ్యాహ్నమే పెళ్లికూతురి మేనత్త హారం వెనక్కి తెచ్చింది. లొల్లి చేయలేదు. కిటికీ దగ్గరకు వెళ్లి పెట్టె తెరిచి సేఠ్‌కు చూపించింది.

"తెల్లగ ఉండాలంటిమి గద బాబూ. సగం ఉతికినట్టు, సగం ఉతకనట్టు ఉంది. పిల్ల చూసి ఏడ్చింది. ఏం జెయ్యాలె ఇప్పుడు?"

సేఠ్ చూశాడు. మొహం మాడిపోయింది. ఆమెను కింద దుకాణంలో కూర్చోబెట్టి పైకి వచ్చి, నేరుగా అమ్మాయి దగ్గరకు వెళ్లాడు.

"ఏందమ్మా ఇది? మీ మిషన్‌కు కండ్లున్నయా? రేపటి నుంచి ఇది నాకొద్దు. మీ ఆఫీసుకు ఇప్పుడే ఫోన్ చేస్తున్న," అని ఫోన్ తీసుకుని మెట్ల వైపు వెళ్లాడు.

మీ దగ్గర దాచడం ఎందుకు? ఆ క్షణాన నాకు సంతోషమైంది. వేలెడంత పెట్టె నలభై ఏళ్ల కన్నుతో సమానమవుతుందా అనుకున్నాను. "మిషన్ మిషనే," అని పైకే అన్నాను కూడా. అమ్మాయి నా వైపు తిరిగింది. కళ్లలో నీళ్లున్నా గొంతు సరిగానే ఉంది.

"అంకుల్, ఒకసారి ఈ పేట చూసి ఎక్కడ తప్పుందో చెప్పండి. మీరు చెబితే సరిచేసుకుంటాను. ఈ ఉద్యోగం పోయినా, తప్పెక్కడో తెలుసుకుని వెళ్తాను."

ఎంత నమ్మకంగా అడిగిందంటే, తప్పు కనిపెట్టి తీరాలని వంగి చూశాను. ఎంత చూసినా ఏమీ కనిపించలేదు. అప్పుడు చెల్లెమ్మ వచ్చి పక్కన కూర్చుంది. దారం కోసింది. పది ముత్యాలు తెల్లగుడ్డ మీద వరసగా పేర్చింది.

"అమ్మా, నువ్వు చదువు. ఎడమ దిక్కు నుంచి," అంది.

"తెలుపు, పసుపు, తెలుపు, పసుపు..." అమ్మాయి పదింటినీ చదివింది.

"నేను గూడ గట్లనే చదువుత. అన్నా, నువ్వు చదువు."

నా ముందు పది ముత్యాలున్నాయి. పదీ ఒకటే. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాను. కిటికీకి ఇంకా దగ్గరగా జరిగాను. పదీ ఒకటే. చెల్లెమ్మ నా చేతి మీద తన చెయ్యి పెట్టింది.

"ఏడాదికెల్లి చూస్తున్న అన్నా," అంది చాలా మెల్లగా. "నీ పళ్లెం నా కాడికి వచ్చినంక పసుపువి తీసి తెల్లవి పెట్టి గుచ్చుతున్న. ఈపారి మూతలేసిరి, ముట్టొద్దనిరి. అందుకే నీ కాడికి వచ్చిన."

వంక లేని నా పని వెనుక ఉన్నది ఆమె అన్నమాట. అమ్మాయి తన తెర వైపు చూస్తూ, నాకు చెప్పాలో వద్దో తెలియనట్టు చెప్పింది.

"కెమెరాకి ఆ పసుపు కనిపిస్తూనే ఉంది అంకుల్. అంకెల్లో తేడా ఉంది. నాకూ అప్పుడప్పుడు అనిపించింది, మీకన్నా నాకేం తెలుసని ఊరుకున్నాను. కానీ మీరు ఎప్పుడూ దాన్ని తేడాగా చెప్పలేదు. పట్టించుకోనక్కర్లేదని అది నేర్చేసుకుంది." తెర ఆపేసి మళ్లీ అంది, "పెట్టెలో లైటు పాడైందని చెప్పేస్తాను. నా పని ఎలాగూ పోయింది. మీరేం చెప్పకండి."

"నేను గూడ చెప్ప. నీ ఇష్టం అన్నా," అంది చెల్లెమ్మ.

ఇద్దరూ నన్ను కాపాడటానికి సిద్ధంగా ఉన్నారు. నేను ఊరుకుంటే చాలు. కిటికీ పక్కన నా చోటు నాకుంటుంది, పది నుంచి పన్నెండు దాకా అందరూ పిల్లుల్లా నడుస్తారు, ఈ పిల్ల మాత్రం రేపటి నుంచి రాదు. లేచి మెట్ల దగ్గరకు నడిచాను. అక్కడికి పది అడుగులు కూడా ఉండవు. నా ఉద్యోగం మొత్తంలో అంత దూరం ఎప్పుడూ నడవలేదు. సేఠ్ ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని ఉన్నాడు.

"ఫోన్ పెట్టెయ్ బేటా. తప్పు మిషన్‌ది కాదు, ఆ పిల్లది అసలే కాదు. నా కండ్లు పోయినయి. నేను వేటిని ఒకటే అంటే మిషన్ గూడ వాటినే ఒకటే అన్నది. దానికి నా పోలిక వచ్చింది."

అతను ఫోన్ దించాడు. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది.

"చిన్నప్పుడు నాకు రంగులు నేర్పింది నువ్వే కద చాచా," అన్నాడు. తర్వాత వ్యాపారి కదా, తేరుకున్నాడు. "శుక్రవారం పెళ్లి. ఎట్ల?"

"మూడు దినాలు ఇయ్యి. కండ్లు చెల్లెవి, చేతులు నావి."

కింద మేనత్తకు గురువారం మధ్యాహ్నం అని మాటిచ్చి పంపించాం. ఆ మూడు రోజులూ చెల్లెమ్మను కిటికీ పక్కన నా చోట కూర్చోబెట్టాను. ఆమె రంగు చెప్పింది, నేను దొర్లించి, సైజు చూసి, వరస కట్టాను. అమ్మాయి పళ్లేలు అందించింది, ఎవరూ అడగకుండానే ప్రతి జతకూ చెల్లెమ్మ మాట రాసుకుంది. మొదటిరోజే చెల్లెమ్మకు నా తప్పు ఒప్పుకున్నాను. "పూలమాల అన్నది తప్పు చెల్లె," అంటే, "పూలమాల కట్టుడు అల్కగ ఉంటదనుకున్నవా ఏంది?" అని మొదటిసారి నన్ను ఆటపట్టించింది. గురువారం మధ్యాహ్నం మేనత్త అదే కిటికీ దగ్గర పెట్టె తెరిచి చూసుకుంది. హారాన్ని ఒకసారి తన మెడకే ఆనించుకుని, నవ్వుకుని, పెట్టెలో పెట్టేసింది.

కండ్ల దవాఖానలో డాక్టరు చూసి రెండు కళ్లలోనూ మోతిబిందు, అంటే శుక్లం, అంది. ఎన్నాళ్ల నుంచో ముదురుతోందట. మోతి అంటే ముత్యమే కదా, ముత్యాలు ఏరేవాడి కంట్లో కూడా ముత్యమే వచ్చిందని నవ్వుకున్నాను. ఎందుకు తెలియలేదని అడిగాను. మెల్లగా వస్తుంది, లోకమంతా కలిసి పసుపెక్కుతుంది, దేనితో పోల్చుకుని తెలుసుకుంటారు అంది. ముందు కుడికంటికి ఆపరేషన్ చేశారు. పట్టీ తీసినప్పుడు గోడ నీలంగా కనిపించింది. సున్నంలో నీలిమందు ఎక్కువ కలిపారనుకున్నాను. తర్వాత నర్సు చీర చూశాను, ఆకాశం చూశాను. కుడికన్ను మూసి ఎడమకంటితో, ఎడమది మూసి కుడికంటితో మార్చి మార్చి చూశాను. ఒకే మనిషికి రెండు లోకాలు. నర్సు భయపడి డాక్టరును పిలిచింది.

పట్టీ తీసిన రోజు ఇంటికి వచ్చేసరికి పొద్దున పదకొండు దాటింది. నా భార్య తలుపు తీసింది. నేను బాగై వస్తున్నానని మంచి చీర కట్టుకుని, ఆ దండ వేసుకుంది. వాకిట్లో ఎండ ఆమె మెడ మీద పడుతోంది. ఆ దండలో సగం ముత్యాలు తెల్లవి, సగం పసుపువి. ఒక వరసా పద్ధతీ లేకుండా, ఎవరో కళ్లు మూసుకుని గుచ్చినట్టు ఉన్నాయి. అది గుచ్చింది నేను.

"గీ దండ..." అన్నాను.

"ఏమైంది?"

"రెండు రంగులున్నయి."

"తెలుసు."

"ఎప్పటికెల్లి?"

"నువ్వు ఇచ్చిన నాటికెల్లి. గప్పటి సంది నీ అంగీలు గూడ నేనే తీసి పెడుతలేనా? పసుపుపచ్చ అంగీ తెల్లదనుకొని దుకాణానికి పోతుంటివి."

"మరి నాడే ఎందుకు చెప్పలే?"

"మస్తు మురిసిపోయి ఇస్తివి. ఒక్కటే తీరు ఉన్నయ్ చూడమంటివి. ఉన్నయి అన్న. దవాఖానకు పోదామంటే నువ్వే కస్సుమంటివి, నలభై ఏండ్ల కన్ను అంటివి." ఆమె లోపలికి నడుస్తూ అంది, "రా, నీళ్లు తాగు."

ఏడ్వొద్దని డాక్టరు చెప్పింది. కంట్లో నీళ్లు పడకూడదట. ఆ మాట వినలేకపోయాను.

రెండో కన్ను కూడా అయ్యాక మళ్లీ దుకాణానికి వెళ్లి నాలుగు నెలలు కూర్చున్నాను. మిషన్‌కు మొదటి నుంచి మళ్లీ నేర్పించాం. ఈసారి నేనొక్కణ్ణే కాదు, నేను ఒక మాట, చెల్లెమ్మ ఒక మాట. ఇద్దరికీ కుదరని చోట అమ్మాయి ఆగి, ఎందుకని అడిగి రాసుకునేది. సేఠ్ వాళ్ల ఆఫీసుకు చెప్పి పరీక్ష గడువు పెంచించాడు, ఆమె కొలువు నిలిచింది. ఆ తర్వాత నేనే చాలించుకున్నాను. ఇప్పుడు కిటికీ పక్కన చెల్లెమ్మ కూర్చుంటోంది, పది నుంచి పన్నెండు దాకా సేఠ్ ఆమె ముందు కూడా మెల్లగానే నడుస్తాడట.

మానేసే రోజు డబ్బీ నిండా తెల్ల ముత్యాలు తెచ్చుకున్నాను, సేఠ్‌ను అడిగే. ఈసారి ఒక్క తేడా లేకుండా చూసి ఏరినవి. ఆ దండ తియ్యి, విప్పి మంచిగ గుచ్చి ఇస్తా అని నా భార్యను అడిగాను. ఆమె దండను గుప్పిట్లో పట్టుకుంది.

"దీన్ని ముట్టినవంటే ఊకోను. నీకు కావాలంటే వాటితోని ఇంకోటి గుచ్చు," అంది.

గుచ్చాను. ఎక్కడా వంక లేదు, చెల్లెమ్మ కూడా చూసి సరేనంది. అది బీరువాలో ఉంది. మొన్న బోనాలకు ఆమె పాతదే వేసుకుంది. ఎండలో ఆ రెండు రంగులూ స్పష్టంగా కనిపిస్తూనే ఉన్నాయి. నేను ఆమె పక్కనే నడిచాను.